గాజుతొట్టిలో సముద్రపు తోట

నాచు అను మాటకు మనలో పెద్ద గౌరవము లేదు. కోనేటి మెట్లపై కాలు జార్చునది నాచు. నీళ్లతొట్టి గోడలకు పట్టినచో పీచు పెట్టి తోమి పారబోయునది నాచు. సముద్రపు నాచు సంగతియు ఇంతకంటె మెఱుగు కాదు. వలలో చిక్కినచో జాలరి దానిని దులిపి ఇసుకపై పడవైచును. అయినను నేడు పలుదేశములయందు గాజుతొట్టెలలో ఉప్పునీరు నింపి, పగడపు జీవుల నడుమ ఈ నాచునే గులాబిమొక్కవలె ముద్దుగా పెంచి, వేళకు వెలుతురిచ్చి, కత్తెరతో తీర్చిదిద్దువారు కలరు. దాని రంగులను, ఆకారములను ఒకసారి చూచినవారు వారిని వెఱ్ఱివారని యనజాలరు.

ఆ తోట నెట్లు పెంచుదురో, దానికేమేమి కావలయునో విద్యార్థులకు తెలియునట్లు చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. దానితోపాటు ఒక చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పదలచినాము: పెరిగిపోయిన నాచును కత్తిరించిన పిమ్మట ఆ ముక్కలను ఎక్కడ పారవేయవలెను? ప్రశ్న అల్పముగా తోచును. కాని ఈ విషయమున జరిగిన ఏమరుపాటు వలననే మధ్యధరాసముద్రపు అడుగున నూఱు చదరపు కిలోమీటరులకు మించిన తావున ఒకానొక నాచు వ్యాపించెను. ఆ కథ తరువాత వచ్చును.

మొదట నాచు ఎట్టిదో తెలిసికొందము. ఇది చూపునకు మొక్కవలె నుండును గాని నేలమొక్కకున్న అంగములు దీనికి లేవు. వేరువలె కనబడునది చాలజాతులలో వేరు కాదు. రాతిని పట్టుకొనుటకు మాత్రమే పనికివచ్చు పట్టు. ఆహారము ఒడలంతటినుండియు లోనికి పోవును. కావున నీటిలో ఏమి కరగియున్నదో అదియే దానికి ఎరువు. శాస్త్రజ్ఞులు పెద్దజాతి సముద్రపు నాచులను రంగునుబట్టి ఆకుపచ్చనివి, ఎఱ్ఱనివి, గోధుమవన్నెవి అని మూడు తెగలుగా ఏర్పఱచిరి. మూడింటను పత్రహరితము కలదు. ఎఱ్ఱ నాచులో దానిని మఱియొక ఎఱ్ఱని వర్ణద్రవ్యము మఱుగుపఱచుటచే పచ్చదనము కానరాదు.

ఆ ఎఱ్ఱరంగు వట్టి అలంకారము కాదు. సూర్యకాంతిలోని ఎఱ్ఱ కిరణములను నీరు కొన్ని మీటరుల లోతుననే పీల్చివేయును. నీలి కిరణములును, పచ్చని కిరణములును ఇంకను లోతునకు పోగలవు. ఎఱ్ఱ నాచులోని వర్ణద్రవ్యము ఆ మిగిలిన కాంతిని పట్టి ఆహారము వండుకొనుటకు తోడ్పడును. 1984లో బహామా దీవులయొద్ద 268 మీటరుల లోతున రాతికంటుకొని పెరుగుచున్న ఎఱ్ఱ నాచు నొకదానిని కనుగొనిరి. పొడవైన తాటిచెట్లను పదింటిని ఒకదానిపై నొకటి నిలిపినచో సుమారు అంత యగును. మనకు కటికచీకటిగా తోచు ఆ తావున అది బ్రతుకుచున్నది.

ఆకుపచ్చ నాచులలోని వింత వేఱొకటి. కాలెర్పా అను ప్రజాతి కలదు. నేలపై ప్రాకు తీగయు, దానినుండి పైకి లేచిన ఆకులును, క్రిందికి దిగిన వేళ్లవంటి పోగులును గలిగి, ఒక్కొక్కప్పుడు మీటరునకు మించి వ్యాపించు ఈ మొక్క ఆసాంతము ఒకే యొక జీవకణము! లోపల అడ్డుగోడలు లేవు. లెక్కకు మిక్కిలియైన కేంద్రకములు ఒకే ద్రవమున తేలియాడుచుండును. దీనికి చుట్టమైన ఎసిటాబ్యులేరియా సన్నని కాడపై చిన్న గొడుగు పట్టినట్లుండును. ఇదియు ఒకే కణము. దాని కేంద్రకము కాడ అడుగున నుండును. జర్మనీ దేశీయుడైన హామర్లింగ్ అను శాస్త్రజ్ఞుడు 1930వ సంవత్సరమునకు తరువాత ఈ నాచుతో ఒక ప్రసిద్ధమైన పరీక్ష చేసెను. ఒక జాతి కాడను వేఱొక జాతి అడుగుభాగమునకు అంటుకట్టెను. కొంతకాలమునకు ఏర్పడిన గొడుగు, అడుగున నున్న కేంద్రకము ఏ జాతిదో ఆ జాతి ఆకారమునే దాల్చెను. జీవి రూపమును నిర్ణయించు ఆజ్ఞ కేంద్రకమునుండి వెడలునని ఇట్లు తేలినది. మామిడి అంటు కట్టుట చూచిన పల్లెటూరి పిల్లవాడు ఈ పరీక్షను పట్టణపు పిల్లవానికంటె త్వరగా గ్రహించునని మా నమ్మకము.

గాజులో సముద్రమును పెంచు వేడుక క్రొత్తది కాదు. అన్నా థిన్ అను ఆంగ్లేయ దొరసాని యుండెడిది. ఆమె భర్త క్రైస్తవ గురువు, లండనులోని వెస్టుమినిస్టరు దేవాలయమున అధికారి. ఆమె 1846లో టార్కీ తీరమునుండి పగడపుజాతి జీవులను కొన్నింటిని తెచ్చి ఇంట గాజుపాత్రలలో ఉంచెను. సముద్రము దూరము, నీరు మార్చుట కష్టము. అందుచే పనికత్తె ఆ ఉప్పునీటిని తెఱచిన కిటికీయొద్ద ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి వంచుచు గాలి సోకించుచుండెడిది. నేటి తొట్టెలలో విద్యుచ్ఛక్తితో నడచు పంపు చేయు పని ఆనాడు ఆ పనికత్తె చేతులు చేసినవి. పిదప దొరసాని సముద్రపు నాచును కూడ తెప్పించి ఆ పాత్రలలో ఉంచెను. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో బంగారుచేపలను, నత్తలను, నీటిమొక్కలను కలిపి యుంచి, చేప విడుచునది మొక్కకును, మొక్క విడుచునది చేపకును ఆధారమై నీరు చెడకుండునని లండను రసాయన సంఘమునకు తెలిపెను.

1854లో ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ అను గ్రంథమును ప్రకటించి ఆ పేరును, ఆ వేడుకను ఇంగ్లండు దేశమంతటను వ్యాపింపజేసెను. గాస్ ప్రకృతిశాస్త్రమునందు ఎంత శ్రద్ధ గలవాడో దైవభక్తియందు అంత నిష్ఠ గలవాడు. నాచును రాతినుండి పెఱుకక, అది పట్టుకొనిన రాతిపెళ్లతో సహా ఉలితోను సుత్తితోను చెక్కి తేవలెనని ఆయన నేర్పెను. సముద్రము దగ్గఱ లేనివారికై వంట ఉప్పు, ఎప్సం ఉప్పు, మెగ్నీషియము క్లోరైడు, పొటాసియము క్లోరైడు కలిపి సముద్రజలము వంటి నీటిని చేయు విధమును గూడ తెలిపెను. ఆయన పుస్తకములను చదివిన జనులు ఉలులు, బుట్టలు పట్టుకొని తీరమునకు గుంపులు గట్టి పోయిరి. రాతిగుంటలు బోసిపోయినవి. గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో వ్రాసిన ‘ఫాదర్ అండ్ సన్’ అను గ్రంథమున తాను చిన్ననాడు చూచిన ఆ గుంటల సొగసు నశించెనని వగచెను. సముద్రమునుండి మితిమీఱి తీసికొనిన దానివలన కలిగిన హాని యిది. సముద్రములోనికి తగనిదానిని వేయుటవలన కలిగిన హాని తరువాతి శతాబ్దమున సంభవించెను.

ఇక తొట్టిలో జరుగు వ్యవహారమును చూతము. చేపకు వేసిన మేత కొంత దాని ఒంటికి పట్టును. కొంత విసర్జనమై నీటిలో కలియును. అందలి నత్రజని అమ్మోనియాగా మారును. ఇది విషము. రాళ్లపైనను ఇసుకయందును ఉండు సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగాను, దానిని నైట్రేటుగాను మార్చును. నైట్రేటు అంత విషము కాదు గాని దినదినము పోగుపడును. భాస్వరపు లవణమైన ఫాస్ఫేటు తీరును ఇట్టిదే. అది మిక్కుటమైనచో పగడపు జీవి తన సున్నపు గూటిని కట్టుకొనుట కుంటుపడును. పగడపు జీవులకు పనికిరాని ఈ రెండును నాచునకు ఆహారము. అందుచేతనే పగడపు తొట్టి గలవారు దానిప్రక్కనే చిన్నతొట్టి యొకటి అమర్చి, రెండింటినడుమ నీరు తిరుగునట్లు చేసి, చిన్నదానిలో నాచును పెంచుదురు.

ఇక్కడ పలువురు పొరబడు విషయ మొకటి కలదు. నాచు నీటిని శుద్ధిచేయునని యందురు. అది సగము మాట. నాచు తొట్టిలో నున్నంతకాలము అది తిన్న నత్రజనియు భాస్వరమును తొట్టిలోనే యున్నవి. రూపము మాత్రము మారినది. అది కుళ్లినచో అవి మరల నీటిలో కలియును. నాచు పెరుగుట యనగా ఇంటిచెత్తను ఊడ్చి మూలకు చేర్చుట; కత్తిరించి బయటికి తీయుట యనగా ఆ చెత్తను చేటలోనికెత్తి పారబోయుట. ఎత్తకుండ ఊడ్చుటవలన ప్రయోజనమేమి? అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ 1980లో వాషింగ్టను నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలయందు ఒక పగడపు దిబ్బను తొట్టిలో నెలకొల్పి, తెరలపై నాచును పెంచి, దానిని ఎప్పటికప్పుడు గోకి తీయుచు, నీటిని శుభ్రముగా నిలిపెను.

పై తరగతుల విద్యార్థులకు ఒక లెక్క. 1983లో అట్కిన్సన్, స్మిత్ అనువారు సముద్రపు మొక్కలను పలుచోట్లనుండి తెచ్చి పరీక్షించి, వానిలో భాస్వర పరమాణువు ఒక్కటికి నత్రజని పరమాణువులు 30, కర్బన పరమాణువులు 550 చొప్పున నుండునని తేల్చిరి. నైట్రేటు అణుభారము 62, ఫాస్ఫేటు అణుభారము 95 అని తీసికొని గుణించి భాగించినచో, ఒక పాలు ఫాస్ఫేటుతోపాటు ఇంచుమించు ఇరువది పాళ్లు నైట్రేటు ఖర్చగునని తెలియును. కావున తొట్టినీటిలో నైట్రేటు బొత్తిగా లేక ఫాస్ఫేటు మాత్రమే మిగిలినచో నాచు ఆకలిచే పాలిపోవును. నీరు అద్దమువలె నున్నదని సంతసించు యజమాని తన తోట పస్తులున్నదని యెఱుగడు.

తొట్టి అమర్పునకు కావలసిన కొలతలు కఠినమైనవి కావు గాని నిలుకడ ముఖ్యము. ఉప్పు వేయి పాళ్ల నీటికి 35 పాళ్లు. 25 డిగ్రీల వేడియొద్ద హైడ్రోమీటరు ముంచి చూచినచో సుమారు 1.025 చూపవలెను. వేడి 24 నుండి 26 డిగ్రీల వఱకు ఉండుట మేలు. ఆవిరియై పోవునది నీరు మాత్రమే, ఉప్పు కాదు. కావున మట్టము తగ్గినప్పుడు మంచినీటినే పోయవలయును. ఉప్పునీటిని పోయువాడు తన తొట్టిని ఉప్పుమడిగా మార్చుచున్నాడన్న మాట. మన వేసవియందు ఇట్టి తొట్టిని కాపాడుట చులకన పని కాదు. నీటిపై పంకాగాలి ప్రసరింపజేసినచో వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గును, కాని నీరు మఱింత త్వరగా ఆవిరియగును. కుళాయినీటిలోని క్లోరీనును తొలగింపక వాడరాదు. దీపము దినమునకు ఎనిమిది మొదలు పది గంటలు వెలుగవలెను. నీరు నిలువయుండరాదు, ఆకులు మెల్లగా ఊగునంత ప్రవాహము చాలును. ఊగని ఆకుపై నలకలు పేరుకొని, దానిపై చిల్లర నాచు మొలచును.

రాత్రివేళ సంగతి ఒకటి చెప్పవలసియున్నది. పగలు నాచు బొగ్గుపులుసు వాయువును తీసికొని ప్రాణవాయువును విడుచును. దీపమార్పగానే ఆ పని ఆగి శ్వాస మాత్రమే మిగులును. నాచును, చేపలును, పగడములును కలిసి బొగ్గుపులుసు వాయువునే విడుచును. అందుచే తెల్లవారుజామున నీటిలో ఆమ్లగుణము కొంత హెచ్చును. దీనికి విరుగుడు చక్కనిది: పెద్దతొట్టిలో దీపమార్పినవేళ నాచున్న చిన్నతొట్టిలో దీపము వెలిగింతురు. ఒక తొట్టికి రాత్రి యైనప్పుడు రెండవదానికి పగలు.

ఏ నాచును పెంచవలెను? క్రొత్తవారు చీటోమార్ఫాతో మొదలిడుట మంచిదని మా అభిప్రాయము. ఇది గాలపుత్రాడు చిక్కుపడినట్లుండును, రాతిని పట్టుకొనదు, ఉండయై దొర్లుచు పెరుగును. అందము తక్కువ, పని ఎక్కువ. సగము చేతితో తీసివైచిన చాలును, మిగిలిన సగము మరల పెరుగును. అందము కావలెనన్నచో హాలిమీడాను చూడవలెను. నాగజెముడు మట్టలను గోరంత చేసి, ఒకదాని తలపై నొకటి గ్రుచ్చినట్లుండును. నీటిలోని సున్నపు లవణమును తీసికొని తన ఒడలిని గట్టిపఱచుకొనుటచే దీనిని తినుట చేపకు కష్టము. అంతటితో తృప్తిపడక, క్రొత్త మట్టలను చేపలు నిద్రించు రాత్రివేళ తొడుగును. అప్పుడవి తెల్లగా నుండి తెల్లవాఱకముందే పచ్చబడును. చచ్చిన హాలిమీడా విడిపోయి తెల్లని ఇసుక యగును. పలు పగడపు దీవుల తీరమున పాదములక్రింద కరకరలాడు ఇసుకలో దీని పాలు పెద్దది. లీటరు నీటికి 420 మిల్లీగ్రాముల కాల్షియము ఇట్టిదానికి వలయును. పగడములకును అంతే వలయును గనుక ఈ రెండును ఒకే కంచమున భుజించునవి.

ఎఱ్ఱవానిలో గ్రాసిలేరియా సులభమైనది. దీని జాతులు మన తూర్పుతీరమునను కలవు. వంటింటిలో చైనాగడ్డి యని పిలుచు అగరును దీనినుండియు దీని చుట్టములనుండియు తీయుదురు. సూక్ష్మజీవులను పెంచు గాజుపళ్లెములలో పోయునదియు అదియే. 1881లో ఆ యుపాయమును చెప్పినది ఫానీ హెస్సె అను గృహిణి. ఆమె భర్త రాబర్ట్ కాక్ పరిశోధనశాలలో పనిచేయుచుండెను; ఆమె తన వంటింటి జెల్లీలలో అగరును వాడుచుండెడిది. బోట్రియోక్లేడియా అను మఱియొక ఎఱ్ఱ నాచు దానిమ్మగింజలను కొమ్మకు అతికించినట్లుండును. అది మెల్లగా పెరుగును, ఓపిక గలవారికి తగును. హాలిమీనియా నిప్పుమంటవంటి అందము గలది గాని కష్టజీవి కాదు. కొలతలలో చిన్న మార్పు కలిగినను కరగిపోవును. ఏది పెంచినను సర్జను చేపను ఆ తోటలోనికి రానీయరాదు. తోకమొదట శస్త్రవైద్యుని కత్తివంటి ముల్లుండుటచే దానికాపేరు. మేకను పూలతోటలో విడిచినచో ఏమగునో దీనిని నాచుతోటలో విడిచినచో అదియే యగును.

అయినను సముద్రమున ఆ మేక లేనిచో పగడపు దిబ్బకు బ్రతుకు లేదు. నాచును మేయు చేపలును, సముద్రపు ముళ్లకాయలును నాచును అదుపులో నుంచుటచేతనే పగడములకు వెలుతురు దక్కును. జమైకా దీవిచుట్టు చేపలను మితిమీఱి పట్టిరి. 1980లో పెనుగాలి దిబ్బలను విఱుగగొట్టెను. 1983-84లో ముళ్లకాయలు తెగులుచే గుంపులు గుంపులుగా చచ్చెను. ఫలితమేమి? 1977లో నూటికి 52 పాళ్లు తావున నున్న పగడములు 1993నాటికి 3 పాళ్లకు దిగిపోయెను. 4 పాళ్లున్న నాచు 92 పాళ్లకు ఎక్కెను. తొట్టిలో ఆ చేపల పని కత్తెర చేయవలెను. నాచు పగడమును తాకునంత దగ్గఱకు రాకముందే కత్తిరింపవలెను. వారమునకొకమారు చూచుకొనిన చాలును.

ఇప్పుడు కాలెర్పా కథకు వత్తము. ఇది త్వరగా పెరుగును, అందముగ నుండును, తొట్టివారికి మిక్కిలి ప్రియమైనది. దానికొక గుణము కలదు. ఒక్కొక్కప్పుడు తన ఒడలిలోని పదార్థమునంతను సంతానబీజములుగా మార్చి ఒకేసారి నీటిలోనికి విడిచివేయును. నీరు పాలవలె తెల్లబడును. మొక్క వట్టి తెల్లని తొడుగై మిగులును. అది తిన్నదంతయు మరల నీటిపాలగును. కత్తిరింపక వదలినవారు ఈ విపత్తునకు ఎక్కువగా లోనగుదురు.

కాలెర్పా టాక్సిఫోలియా అను జాతి ఉష్ణసముద్రములలో సహజముగా పెరుగును. అక్కడ దానివలన ఎవరికిని బాధ లేదు. జర్మనీలోని స్టుట్‌గార్టు జంతుప్రదర్శనశాల తొట్టెలలో పెంచిన దాని రకమొకటి చలికి ఓర్చునదియై, ఇతర ప్రదర్శనశాలలకు పంచిపెట్టబడెను. 1984లో మొనాకో నగరమున సముద్రశాస్త్ర ప్రదర్శనశాల క్రింది సముద్రమున అది ఒక చదరపు మీటరు మేర కనబడెను. 1989నాటికి హెక్టారు మేర వ్యాపించెను. అలెగ్జాండర్ మైనెజ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెచ్చరించెను. ఇది తొట్టినుండి వచ్చినది కాదనువారును, హానికరము కాదనువారును బయలుదేఱిరి. వాదములు నడచుచుండగా నాచు పెరుగుచునే యుండెను. 2000 సంవత్సరాంతమునకు ఆరు దేశముల తీరములలో సుమారు 131 చదరపు కిలోమీటరుల సముద్రతలమున అది పాదుకొనెను. మధ్యధరాసముద్రపు మొక్క తొట్టెలలోని రకమేయని 1998లో జన్యుపరీక్ష తేల్చియుండెను. అక్కడి చేపలకు అది రుచింపదు; అందులో విషపదార్థము కలదు. అక్కడ అది బీజములచేత కాక ముక్కలచేతనే వ్యాపించినది. సెంటిమీటరు పాటి ముక్క క్రొత్త మొక్క కాగలదు. పడవలంగరు పెట్టెలోని తడిచీకటిలో పదిదినములు బ్రతికియుండగలదు. తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సు తీరమున అది చాలవఱకు తగ్గిపోయినది గాని, ఆ తగ్గుదల మానవ ప్రయత్నమువలన కలిగినది కాదు.

అమెరికావారు మాత్రము ఆలసింపలేదు. 2000 జూనునెలలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఉప్పుకయ్య యొకదానిలో మునిగి సముద్రపు గడ్డిని పరీక్షించుచున్నవారికి ఈ నాచు కనబడెను. దాని పాదులపై దుప్పట్లవలె ప్లాస్టిక్ పట్టలు పఱచి, అంచులు బిగించి, లోనికి క్లోరీను పంపి చంపిరి. దగ్గఱనున్న మఱియొక రేవునందును అట్లే చేసిరి. 2006లో అది నిర్మూలమైనదని ప్రకటించిరి. అయిన వ్యయము డెబ్బది లక్షల డాలరులకు మించినది. ఎవరో ఒకరు తొట్టి కడిగిన నీటిని కాలువలో పోయుట అంత వ్యయమునకు మూలమై యుండవచ్చును.

మన దేశమునను ఆలోచింపవలసిన విషయము కలదు. కప్పాఫైకస్ అను ఎఱ్ఱ నాచును విదేశమునుండి తెచ్చి, తమిళదేశపు తీరమున తెప్పలపై సాగుచేయుచున్నారు. తీరమున నుండు పేదస్త్రీలకు అది జీవనాధారమైనది. దానిని చులకన చేయరాదు. కాని అది మన్నారు సింధుశాఖలోని కురుసడై దీవియొద్ద పగడములపైకి ప్రాకినదని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కూడు పెట్టు మొక్కయే గట్టు దాటినచో కలుపు అగునని రైతుబిడ్డలకు మేము చెప్ప నక్కఱలేదు. మఱియొక మాట: 2001నుండి పగడములు మన వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చబడియున్నవి. తీరమునుండి వానిని పెఱికి తెచ్చుట నేరము. సెలవులలో సముద్రపు టొడ్డునకు పోవు పిల్లలకు తలిదండ్రులు ఈ సంగతి తెలుపవలెను.

కత్తిరించిన నాచును ఏమి చేయవలెను? సముద్రమునను, ఏటియందును, కాలువలోను, మురుగుతూమునను వేయరాదు. అది ఈ సముద్రముననే పుట్టిన జాతి యైనను వేయరాదు, ఏలయనగా దానిని పట్టుకొని వచ్చిన నత్తగ్రుడ్డును, చిల్లర నాచును మనకు తెలియవు. మంచుపెట్టె గలవారు దానిని సంచిలో కట్టి ఒక దినము గడ్డకట్టనిచ్చి పిమ్మట చెత్తలో వేయుదురు. లేనివారు రేకుపైనో, చాపపైనో పలుచగా ఆఱబోసి, చేతితో నలిపినచో పొడియగువఱకు ఎండబెట్టవలెను. పైన ఎండినను లోపల తడియున్నచో చాలదు. ఆ పొడిని మంచినీట కడిగి ఉప్పు పోగొట్టి కొబ్బరిచెట్టు పాదున వేయవచ్చును. ముక్కలు కడిగిన నీటిని ఇసుకనేలపై ఎండలో పోయవలెను.

కొన్ని చక్కని కొమ్మలను మాత్రము బడికై దాచవచ్చును. వెడల్పైన పళ్లెమున నీరు పోసి, అడుగున దళసరి కాగితమునుంచి, నాచుకొమ్మను దానిపై తేలనిచ్చి, సూదితో రెమ్మలను విడదీసి, కాగితమును ఒకప్రక్కనుండి మెల్లగా పైకెత్తవలెను. నీరు జాఱిపోయి కొమ్మ విప్పారినట్లే నిలుచును. దానిపై పలుచని గుడ్డ కప్పి, అద్దుడుకాగితముల నడుమ బరువుక్రింద ఉంచి, దినమునకొకమారు కాగితములు మార్చవలెను. ఎఱ్ఱ నాచులు చాలవఱకు తమలోని జిగురుచేతనే కాగితమునకు అంటుకొనును. హాలిమీడా అంటుకొనదు, దానిని దారముతో కుట్టవలెను. అడుగున పేరు, తేది, ఏ తొట్టినుండి తీసినదో వ్రాయవలెను. అన్నా అట్కిన్స్ అను ఆంగ్ల స్త్రీ ఇట్లెండిన నాచులను మందు పూసిన కాగితములపై పఱచి, ఎండలో నుంచి, నీటిలో కడిగి, నీలి నేలపై తెల్లని నీడలుగా అచ్చొత్తి, 1843లో గ్రంథముగా వెలువరింప మొదలిడెను. ఛాయాచిత్రములతో వెలువడిన మొదటి గ్రంథము అదియే. నీలిపటములు గీయు ఆ మందు నేటికిని దొరకును. కావలసిన ఎండ మన బడి ముంగిట కొల్లలుగా నున్నది.